ఫోటోకి వెనకవైపు

మా అమ్మమ్మకు పెళ్లికి ముందు తీసిన ఫోటో ఒక్కటే ఉంది. 1956లో హనుమకొండలో ఒక స్టూడియోలో తీసింది. అప్పుడామెకు పదహారేళ్లు. వాళ్లది ధర్మసాగర్, చేనేత కుటుంబం. తెల్లారకముందే ఎడ్లబండి కట్టుకుని బయల్దేరి, పొద్దుగూకినాక ఇల్లు చేరారట, ఆ ఒక్క ఫోటో కోసం.

బుట్టచేతుల రైక, సన్నంచు చీర, ముందుకు వేసుకున్న రెండు జడలు, చేతికి గడియారం, ఒళ్లో పుస్తకం. వెనక తెర మీద గీసిన స్తంభాలు, పూలతోట. చిన్నప్పుడు ఆ ఫోటో చూసి మా అమ్మమ్మ సినిమాల్లో ఉండేదేమో అనుకునేదాన్ని.

"గడియారం స్టూడియో ఆయనది. పుస్తకం గూడ ఆయన ఇచ్చిందే. నాకు అక్షరం ముక్క వస్తదా బిడ్డా?" అని నవ్వేది.

చదువుకున్న అమ్మాయిలా కనిపించడం అప్పటికే ఒక ఫ్యాషన్. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో సావిత్రి ఉద్యోగం కోసం ఒకరికి భార్యగా నటిస్తుంది. మా అమ్మమ్మ ఒకరికి భార్య కావడం కోసం చదువుకున్న అమ్మాయిగా నటించింది.

ఇంతకీ ఫోటో అవసరం ఎందుకొచ్చింది? వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. మిల్లు గుడ్డ ముందు మగ్గం నిలవడం కష్టమైంది. మిల్లులో పని దొరికినవాళ్లు దొరికారు, మిగిలినవాళ్లలో చాలామంది షోలాపూర్, భివండీ, బొంబాయి దారి పట్టారు. తాతయ్య షోలాపూర్‌లో మగ్గం మీద ఉన్నాడు. పెళ్లిచూపులకని అంతదూరం నుంచి వస్తే కూలి పోతుంది. అందుకని అమ్మమ్మ ఫోటో పోస్టులో షోలాపూర్ పోయింది. అక్కణ్నుంచి తాతయ్య ఫోటో మాత్రం రాలేదు. "అడగాలని ఎవలకు తోచింది?" అనేది అమ్మమ్మ. పెళ్లిపీటల మీదే ఆయన్ని మొదటిసారి చూసింది.

ఆడవాళ్ల ఫోటో అనగానే ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్న ప్రశ్న మన దగ్గర మొదట్నుంచీ ఉంది. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడలు, లోపల పనిచేసేది అంతా ఆడవాళ్లే. దాని బాధ్యత చూసింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల స్త్రీ. పరాయి మగవాడి కంట పడకుండా ఉండడానికి అన్ని ఏర్పాట్లు. మా అమ్మమ్మ ఫోటో తీసిందేమో పరాయి మగవాడొకడు చూడడానికే. రెండు చోట్లా ఏర్పాట్లు ఆమె కోసం అన్నారు, లెక్కలోకి వచ్చింది మాత్రం మగవాడి చూపే.

అదే 1956లో 'వోగ్' పత్రిక కోసం నార్మన్ పార్కిన్సన్ అనే ఫోటోగ్రాఫరు మన దేశం వచ్చాడు. జైపూర్‌లో రాజమహలు ముందు, అలంకరించిన ఏనుగు పక్కన, గులాబీరంగు కోటులో యాన్ గన్నింగ్ అనే మోడల్ నిలబడ్డ ఫోటో చాలా ప్రసిద్ధం. ఆ కోటు కొనగలిగినవాళ్ల కోసం తీసిన ఫోటోకి మన ఊళ్లు, మన మనుషులు వెనక తెర అయ్యారు. మా అమ్మమ్మకేమో బట్ట మీద గీసిన స్తంభాలు తెర. ఫ్యాషన్ ఫోటోల్లో ఒక పద్ధతుంది. బట్టలు ఒంటికి సరిపోకపోతే వెనకవైపు క్లిప్పులు పెట్టి బిగిస్తారు. ముందునుంచి చూస్తే కొలతకు కుట్టినట్టే ఉంటాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది.

"గా రైక నాది గాదు బిడ్డా, అక్కది. నాకు వదులైతే వెనక నాలుగు పిన్నీసులు పెట్టి బిగించింది."

ఆ రైక అక్క పెళ్లిది. చిలకపచ్చ రంగట. నలుపు తెలుపు ఫోటోలో ఆ రంగు కనపడదు. అక్క భర్త పోయి అప్పటికి రెండేళ్లు. రంగు రైక తొడగడం మానేసి పెట్టెలో దాచుకుంది. తొడగకపోయినా పారెయ్యలేదు. చెల్లెలికి జడలు వేసింది ఆమే, బొట్టు దిద్దింది ఆమే, పిన్నీసులు పెట్టింది ఆమే. స్టూడియో దాకా వచ్చింది గానీ కెమెరా ముందుకి రాలేదు. శుభమా అని తీయించుకుంటున్న ఫోటోలో ముండమోసిన మనిషెందుకు అన్నారట ఇంట్లో పెద్దలు. తర్వాత కూడా ఆమెను ఎవరూ ఫోటో తీయించలేదు. నేను పుట్టేసరికే ఆమె లేదు. ఆమె ఎలా ఉండేదో నాకు తెలియదు.

ఆ ఫోటోలో అమ్మమ్మ కెమెరాని చూడదు. కొంచెం పక్కకి చూస్తూ నవ్వుతుంటుంది. అది స్టూడియో ఆయన నేర్పిన భంగిమ అనుకున్నాను చాలాకాలం. పోయేముందు ఏడాది, ఆమెకి మళ్లీ ఆ ఫోటో చూపించి అడిగాను, ఎవరిని చూసి నవ్వావని.

"ఇంకెవల్ని? అక్క ఆడనే నిలబడ్డది గద, పిన్నీసుల డబ్బ వట్టుకోని."