పెరటికోళ్లును గోమారులును

విశాఖపట్టణమున 1933లో నౌకాశ్రయము వెలయుటకు పూర్వము, ఉప్పుటేటి యొడ్డునను కొండవాలులందును పరచికొనియుండిన పల్లెలలో పెరటికోడి లేని యిల్లు అరుదు. దానికి వేళకు మేత వేయువారు కొందఱే కాని, చీకటిపడగానే గంప మూయనివారు లేరు. పిల్లికిని ముంగిసకును వెఱచి మూసిన ఆ గంపలోననే అసలు శత్రువు కాచుకొనియుండెడిది.

గోమారి పగలెల్ల గోడపగుళ్లలోను గంప అల్లిక సందులలోను అణగియుండి, రాత్రి కోడిపై కెక్కి రక్తము త్రావి, తెల్లవారకమున్నే మఱల దాగును. ఆహారము లేకున్నను ఏడాదికి మించి బ్రతుకగలది యగుటచే, గూడు కొన్నాళ్లు పాడుపెట్టినంత మాత్రమున నశింపదు. కోళ్లకు జ్వరము దెచ్చి చంపెడి యొక సర్పిల సూక్ష్మజీవిని మోయునది యిదియేయని 1903లో బ్రెజిలు దేశమున మార్షూ, సాలింబెనీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మన ముత్తవ్వల కీ సంగతి తెలియదు. ఐనను సంక్రాంతికి ముందు గోడపగుళ్లను మట్టితో మెత్తి, పేడతో అలికి, సున్నము కొట్టి, శిథిలమైన గంపను భోగిమంటలో వైచి, ఆ పురుగునకు నిలువనీడ లేకుండ జేసెడివారు. దీనిని పండుగ వేడుకగా మాత్రమే యెంచుట పొరపాటని నా యభిప్రాయము.

పేల సంగతి వేఱు. పొదుగుకోడి 21 రోజులు గ్రుడ్లను విడువక కూర్చుండును గనుక ధూళిస్నానము కొఱవడి పేలపాలగును. అందుచే తెలిసిన యిల్లాలు గడ్డి క్రింద బూడిద చల్లి, వేపాకు పఱచి, సాయంకాల మొకపరి కోడిని లేపి పొయ్యిబూడిద కుప్పలో వదలెడిది. అది రెక్కలు విప్పి, ఈకల మొదళ్లకు బూడిద జొచ్చునట్లు పొర్లి, ఒడలు విదిల్చికొని గ్రుడ్లకడకు పరుగిడును. సీతాఫలపు గింజల పొడి ఇంకను ఘాటైనది, కంటబడిన ప్రమాదము.

కడుపులోని పురుగులకు ఇట్టి ఉపాయములు చాలవు. ఏలికపాము గ్రుడ్లు రెట్టతో నేలబడి, తడియు వెచ్చదనమును గలచోట రెండు వారములలోపల సోకదగిన స్థితికి వచ్చును. బద్దెపురుగు చీమల కడుపునను పేడపురుగుల కడుపునను దాగి వచ్చును. ఊరంతయు తిరిగెడి కోడికి ఒకేచోటి మట్టిని మాటిమాటికి గెలుకు నవసరము లేకుండెను. 1971 జనవరి 20న ఇందిరాగాంధి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన పిమ్మట, భూములు వదలిన కుటుంబములు గాజువాక, పెదగంట్యాడ ప్రాంతముల కాలనీలకు చేరినప్పుడు కోళ్లును వెంటవచ్చినవి. దిబ్బలును కళ్లములును రాలేదు. సిమెంటు గోడలో గోమారికి చోటు తక్కువ. ఇఱుకు పెరటిలో ఏలికపామునకు మాత్రము కొదువ లేదు. పిపరజీను నీటిలో గలిపి త్రాగించినచో పురుగులు పడిపోవును. మఱునాడు కోడి అదే మట్టిని గెలుకును.