మోటారు బండికి మరలివచ్చిన చేతిగేరు



అమెరికా దేశమున నేడొక వింత పని జరుగుచున్నది. అరువదేండ్ల నాటి మోటారు బండ్లలో గేరు తనంత తానే మారు ఏర్పాటున్నచో, కొందరు యజమానులు దానిని ఊడదీయించి, చేతితో మార్చు గేరుపెట్టెను అమర్చుకొనుచున్నారు. ఏ శ్రమ తప్పుటకై వారి తాతలు అధికముగ సొమ్ము చెల్లించిరో, ఆ శ్రమనే మనుమలు సొమ్మిచ్చి మరల కొనుచున్నారు. ఇది వెర్రియా, వివేకమా? తీర్పు చెప్పుటకు ముందు గేరు పుట్టుకను తెలిసికొనవలెను.

ఎద్దుకును ఇంజనుకును భేదమొకటి కలదు. మిట్ట వచ్చినపుడు ఎద్దు అడుగు నెమ్మదించి, మెడ వంచి, బలమంతయు కాడిమీద పెట్టును. పెట్రోలు ఇంజను అట్లు చేయజాలదు. వడిగా తిరుగుచున్నపుడే దానికి సత్తువ. మిక్కిలి నెమ్మదించినచో సత్తువ సన్నగిలి ఆగిపోవును. కావున ఇంజను వడిగా తిరుగుచుండగనే బండిచక్రము మెల్లగ తిరుగు నుపాయము కావలెను. ఆ యుపాయమే పండ్లచక్రము. పది పండ్ల చిన్న చక్రము ముప్పది పండ్ల పెద్ద చక్రమును త్రిప్పినచో, చిన్నది మూడు చుట్లు తిరుగునప్పటికి పెద్దది ఒక చుట్టు తిరుగును. వడి మూడవ వంతగును. త్రిప్పు బలము ఇంచుమించు మూడింతలగును. మిట్టకొక జత, మైదానమునకొక జత. గేరుపెట్టె యనగా నింతే.

జర్మనీ దేశీయుడైన కార్ల్ బెంజ్ 1886లో తన మూడు చక్రముల బండికి పేటెంటు పొందెను. 1888 ఆగష్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ పట్టణమునుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టినింటికి ఆ విధమైన బండిలోనే ప్రయాణమయ్యెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. మిట్టలు తగిలినచోట్ల బండి యెక్కలేకపోగా దిగి త్రోయవలసి వచ్చెను. మిట్టలకై మరియొక గేరు కావలెనని ఆమె భర్తకు చెప్పెను. కార్ఖానాలో కానరాని లోపమును దారి చూపినది.

తరువాత ఫ్రాన్సు దేశమున పనార్, లెవాసోర్ అనువారి కంపెనీ బండ్లలో జారుడు చక్రముల పెట్టె వెలసినది. కడ్డీని త్రోసినచో లోపలి చక్రము ఇరుసుపై జారి, వేరొక చక్రపు పండ్లలో తన పండ్లను దూర్చును. ఆ క్షణమున ఇంజనును గేరుపెట్టెనుండి విడదీయు సాధనమే క్లచ్చి. రెండు చక్రముల వడి సరిపోలనిచో పండ్లు గరగరలాడి అరిగిపోవును. అందుచేత నాటి డ్రైవరు చెవితో ఇంజనును విని, కాలితో క్లచ్చి తొక్కి, చేతితో కడ్డీ త్రోయవలెను. మూడును ఒక తాళమునకు రావలెను. 1928లో కాడిలాక్ కంపెనీవారు ఎర్ల్ థాంప్సన్ అను ఇంజనీరు కల్పించిన సింక్రోమెష్ అను నేర్పాటును ప్రవేశపెట్టిరి. పండ్లు కలియుటకు ముందే రాపిడిచేత రెండు వడులను సమానము చేయుట దాని పని. దానితో గేరు మార్చుట సులభమయ్యెను.

ఆ థాంప్సనే తరువాత చేతిపనిని పూర్తిగ తప్పించు ప్రయత్నమునకు నాయకుడయ్యెను. అందుకు రెండు పూర్వకల్పనలు తోడుపడినవి. మొదటిది గ్రహచక్రముల అమరిక: నడుమ సూర్యచక్రము, చుట్టును తిరుగు గ్రహచక్రములు, వెలుపల నొక వలయము. వీనిలో దేనిని కదలకుండ పట్టి నిలుపుదుమో దానినిబట్టి వడి మారును. పండ్లు ఎల్లప్పుడు కలిసియే యుండును గనుక గరగర లేదు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి బండిలో ఈ యమరికయే యుండెను. రెండవది జర్మనీలో హెర్మన్ ఫెట్టింగరు ఓడల కొరకు 1905లో కల్పించిన నూనెజోడు. రెండు రెక్కల చక్రములను ఎదురెదురుగ నూనెలో నుంచి, ఒకదానిని త్రిప్పినచో, నూనె తోపుడుచేత రెండవదియు తిరుగును. క్లచ్చి తొక్కవలసిన పని లేదు. ఈ రెంటిని కూర్చిన హైడ్రామాటిక్ అను నాలుగు గేర్ల పెట్టె 1939లో ఓల్డ్స్‌మొబీల్ బండ్లలో వెలువడెను.

ఇది సోమరుల కొరకు పుట్టినదని తలపరాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఈ పెట్టె తేలిక ట్యాంకులను నడిపినది. యుద్ధమున కాలుసేతులు పోగొట్టుకొని తిరిగివచ్చిన సైనికులకు తగిన బండ్లను ఓల్డ్స్‌మొబీల్ వారు ప్రత్యేకముగ తయారుచేయించిరి. ఎడమకాలు లేనివానికి, క్లచ్చి లేని బండి తన కాళ్లపై తాను నిలిచినంత స్వాతంత్ర్యమిచ్చినది.

ఇక ప్రస్తుతమునకు వత్తము. 1964 ఏప్రిల్ 17వ తేదీన వెలువడిన ఫోర్డు మస్టాంగు బండినే దృష్టాంతముగ గైకొందము. కొనువాని కోరికను బట్టి ఫోర్డు వారే దానికి చేతిగేరు గాని, మూడు వడుల స్వయంగేరు గాని అమర్చి యిచ్చుచుండిరి. ఒకే శరీరమున రెండింటికిని చోటు కల్పింపబడినది గనుకనే ఈ మార్పు సాధ్యమగుచున్నది. అయినను పెట్టె తీసి పెట్టె పెట్టినంతలో పని ముగియదు.

స్వయంగేరు బండిలో ఇంజను ఇరుసు చివర పలుచని ఉక్కుపళ్లెము మాత్రమే యుండును. దానిని తీసి, క్లచ్చి యొరసికొనుటకు బరువైన ఫ్లైవీలును బిగింపవలెను. అందును తూకము చూడవలెను. నాటి 289 ఘనపుటంగుళముల ఇంజనుకు ఇరువదెనిమిది ఔన్సుల లెక్క గల ఫ్లైవీలు కావలెను. 1980 దాటిన తరువాతి ఫోర్డు ఇంజన్లకు ఏబది ఔన్సుల లెక్కది. ఒకదాని కొకటి పెట్టినచో ఇంజను వణకి వణకి చెడును. ఇరుసు కొననున్న రంధ్రమున వ్రేలెడు కంచు ఉంగరమును దిగగొట్టవలెను. గేరుపెట్టె ముందరి ఇరుసు దానిమీదనే నిలుచును. అది స్వయంగేరు బండిలో ఉండదు. మరచినవారి కొత్తపెట్టె త్వరలోనే పాడగును.

పిదప రెండు పెడళ్ల స్థానమున మూడు కావలెను. వెడల్పైన బ్రేకు పెడలు తీసి సన్ననిది పెట్టవలెను. నేలరేకులో కడ్డీకి చోటు చేయవలెను. వెనుకకు బలమును కొనిపోవు పొడవైన ఇరుసును మరల కొలిచి సరిచేయింపవలెను. నూనెను చల్లార్చుటకు రేడియేటరునకు పోవు గొట్టములను మూసివేయవలెను. పాత పెట్టెలో, గేరు తగిలియుండగ ఇంజను ఆరంభము కాకుండ కాపాడు విద్యుత్ మీట యొకటి కలదు. దాని తీగలను ఊరక ముడివేయుట ప్రమాదకరము. క్లచ్చి తొక్కిననే బండి ఆరంభమగునట్లు ఆ మీటను పెడలు వద్దకు మార్చుట మంచిది. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అన్న పెద్దల మాట ఇచ్చటను చెల్లును.

1983 మొదలు మస్టాంగులలో వచ్చిన టి-5 అను అయిదు గేర్ల పెట్టెను పలువురు పాతబండ్లలో పెట్టుకొనుచున్నారు. అయిదవ గేరున ఇంజను మెల్లగ తిరుగుచుండగనే బండి వడిగ పోవును, పెట్రోలు మిగులును. అయితే వెనుక ఇరుసులోని చక్రముల లెక్క ముందే మిక్కిలి సాగియున్నచో అయిదవ గేరు అలంకారమాత్రమే యగును. లెక్క చూడని ఖర్చు దండుగ.

ఇక తీర్పు. పాత స్వయంగేరు నూనెజోడులో బలము కొంత జారి వేడిగ వ్యర్థమగును. దాని మరమ్మతు తెలిసిన మేస్త్రీలు అరుదు. ఇవి న్యాయమైన కారణములే. అంతకంటె బలమైన కారణమొకటి కలదు. అమెరికాలో అమ్ముడగు కొత్త కార్లలో నూటికి అయిదు కూడ చేతిగేరువి ఉండవు. ఒక విద్యను యంత్రమునకు పూర్తిగ అప్పగించినపుడు, నేర్చువారు పోయి నేర్పువారును కరవగుదురు. ఆ విద్య తమ చేతిలో కొంతకాలము బ్రతుకవలెనని కొందరు ఈ వ్యయమునకు సిద్ధపడుచున్నారు. ఇది వెర్రి యనజాలము. కాని మోకాలు నొచ్చు వృద్ధుడు తన స్వయంగేరు తీయించుకొనుట వివేకము కాదు. చెక్కుచెదరని అరుదైన బండిని కోసి మార్చుటయు వివేకము కాదు.

మన దేశమున కథ తలక్రిందుగ నడచినది. మన పల్లెదారు లెరిగిన అంబాసిడరు బండ్లలో స్టీరింగు క్రిందనే గేరుకడ్డీ యుండెడిది. ఎందరో డ్రైవర్ల జీవనము ఆ కడ్డీమీదనే సాగినది. 2014లో మారుతీవారు సెలేరియో బండిలో చేతిగేరు పెట్టెను తీసివేయక, దానికే యంత్రపు చేతిని తగిలించిరి. అచ్చట యంత్రమును తీసి మనిషి చేయి పెట్టుచుండగ, ఇచ్చట మనిషి చేతికి బదులు యంత్రము వచ్చినది. నగరపు రద్దీలో అది మేలే. అయినను మీ యింట చేతిగేరు తెలిసిన పెద్దవాడున్నచో, చిన్నవారు ఒక్కమారైనను ఆయన ప్రక్కన కూర్చుండి ఆ తాళము నేర్చుకొందురుగాక. యంత్రమును ఎప్పుడైన కొనవచ్చును. చేతివిద్యను నేర్పువా డున్నప్పుడే నేర్వవలెను.