అడిగినవాళ్ల లెక్క

నారాయణగూడ బట్టల షాపుల్లో పోచంపల్లి అంటే చీర పేరు. చరిత్ర పుస్తకాల్లోనేమో దానం పేరు. ఊరి పేరుకు ముందు 'భూదాన్' చేరి ఏళ్లయింది.

1951 ఏప్రిల్ 18. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని తెలంగాణ పల్లెల్లో నడుస్తున్న వినోబా భావే ఇక్కడ ఆగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డ సంగతి అందరికీ తెలిసిందే. కానీ నన్ను ఆపేది అంతకు ముందు జరిగింది. దళితవాడలోని 40 కుటుంబాలు వినోబాకి కష్టాలు చెప్పి ఊరుకోలేదు, లెక్క కట్టి చెప్పాయి: ఇంటికి రెండెకరాల చొప్పున 80 ఎకరాలు, సగం తరి, సగం కుష్కి. ఏ నేల ఎంత పండిస్తుందో తెలిసినవాళ్ల లెక్క అది. సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది, విరమణ అక్టోబర్లో గానీ రాలేదు. ఆ పోరాటం లేకపోతే సభలో అంత ధైర్యంగా అడగడం, అడిగినదానికంటే 20 ఎకరాలు ఎక్కువ ఇవ్వడం జరిగేవా? జరిగేవి కావనే నా అనుమానం.

ఇక ఊరికి అన్నం పెట్టింది ఎక్కువగా మగ్గమే. చీరాల వైపు నుంచి వచ్చిన ఇక్కత్ పనిలో నూలుని ముందే ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు, నేత ఆ తర్వాత. ఆసు పోసేది ఆడవాళ్లు, కూలి లెక్కలో వాళ్ల పేరు రాదు. 2018లో పోచంపల్లి మున్సిపాలిటీ అయింది. మూడేళ్లకు, 2021లో, ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక 'గ్రామం' అంది.