మీటల క్రింద లోకధ్వనులు

బియ్యపు అంగడిలో బస్తాకు గుచ్చి నాలుగు గింజలు అరచేతిలో పోయుదురు. దానిని మచ్చు అందురు. ఆ గింజలనుబట్టి మనము బస్తాడు బియ్యమునకు ధర కట్టుదుము. ధ్వనికి కూడ మచ్చు తీయవచ్చునని, దానిని కీబోర్డు మీటకు కట్టి కావలసిన శ్రుతిలో పలికింపవచ్చునని సంగీతలోకము క్రమముగా తెలిసికొనుటకు ముప్పది ఏండ్లు పట్టినది. శాంప్లింగు అని నేడు పిలువబడు ఈ విద్యకు పుట్టినిల్లు సంగీత కళాశాల కాదు, రేడియో నిలయము. ఆ చుట్టరికముచేతనే ఈ కథను మా శ్రోతలకు చెప్పబూనితిమి.

పారిస్ నగరమున ఫ్రెంచి రేడియోలో పనిచేయుచున్న పియేర్ షెఫేర్ 1948లో బాటిన్యోల్ రైల్వే స్టేషనుకు పోయి, ఆవిరి ఇంజనుల కూతలను, చక్రముల దరువును రికార్డు చేసికొని వచ్చెను. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు. ఉన్నవి గ్రామఫోను పళ్లెములే. పళ్లెముపై గాడి లోపలికి చుట్టుకొనుచు పోవును గదా, ఆయన దానిని ఒక వలయముగ మూసివేసెను. ముల్లు అచటనే తిరుగుచు ఒకే చప్పుడును మరల మరల పలికెను. గీత పడిన పాత రికార్డు ఒకే మాటను పట్టుకొని వ్రేలాడుట మనకు తెలియనిది కాదు. మనము విసుగుతో ముల్లెత్తివేయు చోటనే ఆయనకు సంగీతము వినిపించినది. రైలు చప్పుళ్లతో కూర్చినదానితో సహా ఐదు రచనలు ఆ యేడు అక్టోబరు 5వ తేదీన ‘చప్పుళ్ల కచేరి’ అను పేర ప్రసారమయ్యెను.

అంతకంటె పెద్ద పాఠమును ఒక గంట నేర్పెను. గంటను కొట్టిన దెబ్బను విడిచిపెట్టి, వెనుకటి మ్రోతను మాత్రమే రికార్డు చేయగా, అది గంటవలె గాక ఊదు వాద్యమువలె వినబడినది. వాద్యమేదో మన చెవి గుర్తుపట్టునది చాలవరకు మొదటి క్షణమునందే. ధ్వనిని ఎచట మొదలుపెట్టి కోయవలెనో తెలియుట నేటికిని ఈ విద్యలో ప్రథమ పాఠము.

1950ల ఆరంభమున టేపు వచ్చిన పిమ్మట షెఫేర్ ఫోనోజెన్ అను యంత్రమును చేయించెను. ఉంగరముగా అతికిన టేపును వేర్వేరు లావులు గల పన్నెండు ఇరుసులలో ఏది లాగవలెనో 12 మీటలు నిర్ణయించును. వేగము హెచ్చిన శ్రుతి హెచ్చును. ఒకే చప్పుడు పన్నెండు స్వరస్థానములలో పలుకును. కాని శ్రుతితోబాటు కాలమును మారును. ఇదియే చిక్కు. వీణపై సాగిన గమకమును ఈ విధముగ ఒక స్థాయి పైకి ఎత్తినచో అది రెట్టింపు వేగమున పరుగెత్తి సగము కాలములో ముగియును. గంభీరమైన పురుషకంఠము పసివాని గొంతువలె కీచుమనును.

ఈ చిక్కును కాలిఫోర్నియాలో హారీ చాంబర్లిన్ మొరటుగానైనను నిజాయితీగా విప్పెను. మీటకొక టేపు! ప్రతి స్వరమును వాద్యకారునిచే విడివిడిగా వాయింపించి, దాని మీట క్రింద దానిని పెట్టెను. ఆ పద్ధతినే అనుసరించి 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ వెలువడెను. దాని టేపు సుమారు 8 సెకన్లు మాత్రమే నడుచును; అంతలో వ్రేలు ఎత్తవలెను, ఎత్తగానే స్ప్రింగు టేపును వెనుకకు లాగివేయును. 1967లో బీటిల్సు ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాట ఆరంభమున వినవచ్చు వేణునాదము ఆ పెట్టెలోనిదే. బ్రిటనులోని వాద్యకారుల సంఘము తమ వారి ఉపాధికి ముప్పు కలుగునని ఆందోళన చెందెను. ఆ భయమును అవివేకమని మేము త్రోసివేయజాలము. విద్వాంసుడు ఒకనాడు వాయించి పోయిన స్వరములు వేలమంది వ్రేళ్ల క్రింద మ్రోగుచుండగా, ఆయనకు మరల పిలుపు రాకపోవచ్చును.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1975లో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అను ఇరువురు మిత్రులు ఫెయిర్‌లైట్ అను సంస్థను నెలకొల్పిరి. వాద్యధ్వనిని గణితముతో శూన్యమునుండి సృష్టింపవలెనని వారి సంకల్పము. అది సాధ్యపడలేదు. కడకు వోగెల్ రేడియోలో వచ్చుచున్న పియానో సంగీతమునుండి ఒక సెకను ముక్కను కంప్యూటరులోనికి ఎక్కించి, వేర్వేరు శ్రుతులలో పలికించి చూచెను. అదివరకు తాము సృష్టించిన ఏ ధ్వనికంటెను అది పియానోను పోలియుండెను. ఇట్లు అరువు తెచ్చుకొనుట రాజీపడుటయే, ఒక విధముగ మోసమే అని తాము భావించితిమని రైరీ పిమ్మట ఒప్పుకొనెను. ఆ సిగ్గుపడిన పనియే 1979లో వచ్చిన వారి ఫెయిర్‌లైట్ సి.యం.ఐ. యంత్రమునకు పేరు తెచ్చినది!

యంత్రము ధ్వనితరంగపు ఎత్తును సెకనుకు వేలమార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఆ కొలతయు శాంపిలే, పట్టిన ముక్కయు శాంపిలే. క్రొత్తవారు ఇచటనే తికమకపడుదురు. ఫెయిర్‌లైటులో ఒక్కొక్క గొంతుకు దొరకిన మెమరీ 16 కిలోబైట్లు. సెకనుకు 24,000 మార్లు కొలిచినచో ముప్పాతిక సెకనైనను కాకముందే అది నిండిపోవును. మరి దీర్ఘస్వరమెట్లు? ముక్క చివరి భాగమును వలయముగ త్రిప్పుట. షెఫేర్ మూసిన గాడియే మరల వచ్చినది. అతుకు వద్ద తరంగపు ఎత్తులు కలియనిచో టిక్కుమని చప్పుడగును.

పిమ్మట ధరలు వేగముగ దిగినవి. 1981లో వచ్చిన ఎమ్యులేటరు ధర సుమారు 10,000 డాలర్లు. కొలది ఏండ్లకే ఎన్సోనిక్ మిరాజ్ 2,000 డాలర్లలోపు దొరకెను. 1980ల నడుమ కాసియో విడుదల చేసిన ఎస్.కె.-1 దాదాపు ఆటబొమ్మ. చిన్న మైకు, 32 మీటలు, 1.4 సెకన్ల ధ్వని. పిల్లలు తమ పేరును తామే పలికి మీటలపై వాయించుకొనిరి. నేడు మెమరీకి కొదువలేదు గనుక రెండు దారులును కలిసినవి. చాంబర్లిన్‌వలె పలు స్వరములను విడివిడిగా పట్టుదురు. నడుమ మీటలకు దగ్గరి ముక్కను కొద్దిగా సాగదీయుదురు. అంత కొద్దిపాటి మార్పును చెవి పసిగట్టదు.

ఆరంభించువారికి ఇత్తడి చెంబొకటి చాలును. దానిని నిశ్శబ్దమైన గదిలో ఒక్కమారు కొట్టి, మ్రోత పూర్తిగా అణగువరకు రికార్డు చేసి, మీటలకు కట్టి వాయించి చూడుడు. ఆ తరువాత మొదటి దెబ్బను కోసివేసి మరల వినుడు. 1948లో పారిస్ నగరమున ఆ గంట చేసిన వింత మీ చెంబులోను వినబడును.