గోదావరి జిల్లా ‘రేటు పాఠశాలలు’: ప్రభుత్వాధికారం, తల్లిదండ్రుల సమ్మతి

వ్యాససంగ్రహం: 19వ శతాబ్ది మధ్యభాగంలో రాజమండ్రి జిల్లా రైతులు భూమిశిస్తుతోపాటు అదనపు మొత్తం చెల్లించి గ్రామ పాఠశాలలను పోషించారు. ఈ ప్రయోగమే 1863 నాటి మద్రాసు విద్యాచట్టానికి ప్రేరణ. తల్లిదండ్రుల సమ్మతి ప్రభుత్వ యంత్రాంగంలో ఏ రూపం దాల్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీథిబడి, రేటు పాఠశాల, గోదావరి జిల్లా, విద్యాచట్టం, యాజమాన్య సంఘం.

1. ఉపోద్ఘాతం

ప్రభుత్వ పాఠశాలల నిర్వహణలో తల్లిదండ్రుల పాత్రను గురించిన చర్చ సాధారణంగా 2009 విద్యాహక్కు చట్టంతో మొదలవుతుంది. అయితే బడి ఖర్చు ఎవరు భరించాలి, అజమాయిషీ ఎవరిది అనే ప్రశ్నలు ఆంధ్రదేశంలో కంపెనీ పాలనాకాలం నుంచే ఉన్నాయి. వాటికి గోదావరి డెల్టాలో లభించిన సమాధానం ప్రత్యేకమైనది.

2. వీథిబడి: పోషకులే అధిపతులు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల వారీగా దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి రాజధాని మొత్తంలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలింది. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 పాఠశాలలుండగా, వాటిలో 226 తెలుగు బడులు.

ఈ బడులలో అధికభాగం తల్లిదండ్రులిచ్చే జీతాల మీదనే నడిచేవి. పంతులు పనితనం నచ్చకపోతే పిల్లవాణ్ణి మానిపించే అధికారం తండ్రికి ఉండేది. కానీ ఆ అధికారం చెల్లించగలిగిన వారిదే. బళ్ళారి జిల్లాలోని 6,398 మంది హిందూ విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. పేదరికం వల్ల పిల్లలను బడికి పంపలేని కుటుంబాలను క్యాంబెల్ ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఉపాధ్యాయులకు స్థిరమైన ఆదాయం లేకపోవడం చదువు నాణ్యతను దెబ్బతీస్తున్నదని మన్రో గుర్తించి, జిల్లా, తహసీలు స్థాయిలలో ప్రభుత్వ వేతనంతో పాఠశాలలను ప్రతిపాదించాడు. 1827లో ఆయన మరణించిన తరువాత ఆ పాఠశాలలు ఎక్కువ కాలం నిలవలేదు.

3. గోదావరి ప్రయోగం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడంతో డెల్టా వ్యవసాయం కొత్త దశలోకి ప్రవేశించింది. ఆ కాలంలోనే సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ నరసాపురం కేంద్రంగా పాఠశాలల స్థాపనకు పూనుకొన్నాడు. గ్రామాల రైతులు శిస్తుపై అదనంగా కొంత శాతం చెల్లించడానికి అంగీకరించగా, ఆ సొమ్ముతో ఉపాధ్యాయుల జీతాలు సమకూరాయి. ఈ అదనపు వసూలుకు వాడిన ‘రేటు’ అనే మాటే పాఠశాలల పేరైంది.

ఈ ఏర్పాటులో రెండు మార్పులు గమనింపదగినవి. ఒకటి, ఖర్చు ఒక్కొక్క తండ్రి భుజాల మీదనుంచి ఊరుమ్మడి బాధ్యతగా మారింది. బడిలో పిల్లలు లేని రైతు కూడా చెల్లింపుదారయ్యాడు. రెండు, పంతులుకు జీతం తల్లిదండ్రుల చేతినుంచి గాక రెవెన్యూ యంత్రాంగం ద్వారా అందసాగింది. తొలి మార్పు బడికి స్థిరత్వమిచ్చింది. రెండవది తల్లిదండ్రుల ప్రత్యక్షాధికారాన్ని తగ్గించింది.

4. సమ్మతికి చట్టరూపం

శిస్తు వసూలుచేసే అధికారి అడిగినప్పుడు రైతు చెప్పిన ‘సరే’ ఎంతవరకు స్వచ్ఛందం? ఈ సందేహం నాటి అధికారవర్గంలోనే తలెత్తింది. గ్రామం తరఫున ఒప్పుకొన్నది శిస్తు చెల్లించే రైతులు, పెద్దలు. భూమిలేని కుటుంబాల సమ్మతి ఆ లెక్కలోకి రాలేదు. వసూలుకు చట్టబద్ధమైన ఆధారం కూడా లేదు. ఈ లోటును తీర్చడానికే 1863లో మద్రాసు విద్యాచట్టం వచ్చింది. స్థానికులు కోరుకుంటే రేటు విధించుకొని, కమిషనర్ల ద్వారా పాఠశాలను నిర్వహించుకోవచ్చునని అది వీలు కల్పించింది.

కోరి పన్ను వేసుకొనే గ్రామాలు గోదావరి జిల్లా వెలుపల అరుదు కావడంతో చట్టం విస్తృతంగా అమలుకాలేదు. 1871 స్థానిక నిధుల చట్టంతో ప్రాథమిక విద్యాభారం స్థానిక నిధుల మండలులకు సంక్రమించింది. ఐచ్ఛికమైన రేటు స్థానంలో చట్టబద్ధమైన సుంకం నిలిచింది. ఊరి అంగీకారంతో పనిలేకపోయింది.

5. తరువాతి పరిణామం

1920 మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం జిల్లా విద్యామండలులను ఏర్పరచి, విద్యాపన్నుకూ నిర్బంధ విద్యకూ అవకాశమిచ్చింది. బడికి పంపడం తల్లిదండ్రుల ఇష్టం నుంచి విధిగా మారే క్రమం ఇక్కడ స్పష్టమవుతుంది. ప్రతినిధులుగా వారు చట్టంలోకి తిరిగివచ్చింది చాలాకాలానికి. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనం పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యానికి కమిటీలను నిర్దేశించింది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను యాజమాన్య సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలనీ, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలనీ పేర్కొన్నది. 1823 నాటి బళ్ళారి లెక్కల పక్కన ఉంచి చూస్తే ఈ నిబంధన ప్రాముఖ్యం తెలుస్తుంది. అయినా ఉపాధ్యాయ నియామకాలు, పాఠ్యప్రణాళిక, బోధనామాధ్యమం సంఘాల పరిధిలో లేవు.

6. ముగింపు

వీథిబడిలో తల్లిదండ్రులకు అధికారముంది, సమానత లేదు. ప్రభుత్వ నిర్వహణ సమానతకు దారి తెరిచింది, అధికారాన్ని దూరం చేసింది. ఈ రెంటినీ కలపడానికి జరిగిన తొలి యత్నాలలో రేటు పాఠశాల ఒకటి. అది నిలవకపోవడానికి ప్రజల నిరాసక్తత ఒక్కటే కారణం కాదు. డబ్బు ఇచ్చిన ఊరికి నిర్ణయంలో తగిన వాటా దక్కలేదు. నేటి యాజమాన్య సంఘాలను మూల్యాంకనం చేసేటప్పుడు సభ్యుల సంఖ్యతోపాటు, వారు ‘కాదు’ అనగలిగిన విషయాలెన్ని అన్నది కూడా లెక్కించవలసి ఉంటుంది.