కళ్ళములో పదిమంది వాటా

గోదావరి డెల్టా గ్రామాలను మొదట మార్చినది నీరు, తరువాత విత్తనము. 1833 నాటి కరవులో కోస్తా జిల్లాలు నలిగిపోయాయి. ఆ మీదట ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యమున ధవళేశ్వరము వద్ద 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తయినది. కాలువ నీటితో వరిసాగు స్థిరపడినది.

అయినను సేద్యపు పద్ధతి మరో నూరేళ్ళు పెద్దగా మారలేదు. ఎద్దులు, నాగలి, కొడవలితోనే పని జరిగేది. కళ్ళమునకు చేరిన పంటలో పలువురికి వాటా వుండేది. కోసినవారికి ధాన్యమే కూలిగా కొలిచేవారు. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి తమ మేర పుచ్చుకొనేవారు. పేద స్త్రీలు కోసిన చేలలో పరిగె ఏరుకొనేవారు. రూతు కథను మన అమ్మమ్మలకు ఎవరును విడమరచి చెప్పవలసిన పని లేకపోయేది.

అంతమాత్రాన అవి మంచి రోజులని తలచరాదు. ఆ వాటాతోపాటు కట్టుబాటు కూడా వుండేది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పాలేరుగా కుదిరిన ఇళ్ళు మన పల్లెలలో ఎన్నో వుండేవి.

1966లో ఫిలిప్పీన్స్ లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 రకమును విడుదల చేసినది. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి పేరుపొందారు. దాని కాడ పొట్టిది గనుక ఎరువు ఎక్కువ వేసినా పైరు పడిపోదు. పాత రకాలకంటె త్వరగా కోతకు వస్తుంది. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రము స్వర్ణ రకమును ఇచ్చినది. దిగుబడి పెరిగినది, దాళ్వా పంట విస్తరించినది.

అయితే ఎరువులకు, పురుగుమందులకు రొక్కము కావలెను. కనుక ధాన్యము నేరుగా మిల్లుకు పోసాగినది. కూలియు రొక్కముగా మారినది. ట్రాక్టరు వచ్చి ఎద్దులు తగ్గగా, నాగలి చేసే వడ్రంగికి మేర పోయినది. తరువాత కోత యంత్రము వచ్చి, కోత, నూర్పు ఒకేసారి ముగించి, కూలి జనము పనిని, పరిగెను కూడ తీసుకొన్నది.

ఇందులో మేలు లేకపోలేదు. 1976 చట్టము వెట్టిచాకిరిని రద్దు చేసినది. రొక్కము కూలి పుచ్చుకొన్నవాడు ఒక్క కామందునే నమ్ముకొని వుండనక్కరలేదు. బిడ్డను బడికి పంపగలిగాడు, పని కోసము పట్నము పోగలిగాడు. కాని పొలము లేనివానికి పంటతో వున్న సంబంధము తెగిపోయినది. కళ్ళములో కొలిచిన గింజలు ధర పెరిగినా ఇంట వుండేవి. రొక్కము అట్లు నిలువదు.

పాత కట్టుబాటును మనము తిరిగి కోరము. అయితే పంటలో పదిమందికి వాటా వుండేదన్న సంగతిని మన పిల్లలకు చెప్పకుండా వుండరాదు.