స్కార్ఫు కట్టిన బాల్యం: కడప పల్లె బడుల్లో స్కౌట్స్, గైడ్స్ ఉద్యమం

కడప జిల్లా పల్లె బడుల చరిత్రలో స్కౌట్స్, గైడ్స్ బృందాలకు ఉన్న స్థానం ఆ సంస్థ అధికారిక చరిత్రల్లో కనిపించేదానికంటే చాలా పెద్దది. అధికారిక చరిత్రలు కమిషనర్ల పేర్లను, సంస్థల విలీనాలను, జాంబొరీలను, అంటే వేలాది స్కౌట్లు ఒకచోట కూడే మహాశిబిరాలను నమోదు చేస్తాయి. ఉద్యమానికి ప్రాణం పోసిన పిల్లల అనుభవం మాత్రం ఎక్కువగా వారి జ్ఞాపకాల్లోనే నిలిచింది. కడపకు, పులివెందులకు నడుమనున్న పెండ్లిమర్రి వంటి ఊళ్లకు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల బడులకు ఈ ఉద్యమం చేరిన దారిని పరిశీలిస్తే, అది లండన్ నుంచి నేరుగా వచ్చిన దారి కాదనీ, మద్రాసు అడయారులో మలుపు తిరిగి, జాతీయోద్యమ కాలంలో స్వభావం మార్చుకొని, చివరకు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల ఆవరణలో కుదురుకొన్న దారి అనీ స్పష్టమవుతుంది.

ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్ పవెల్ 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో జన్మించి, 1876లో అశ్వికదళ అధికారిగా భారతదేశానికి వచ్చి, లక్నోలో తన సైనిక జీవితాన్ని ఆరంభించారు. 1899-1900 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణం ముట్టడిలో చిక్కుకొన్నప్పుడు, వార్తలు చేరవేసే పనికి నియోగించిన కుర్రాళ్లు చూపిన నేర్పును గమనించిన ఆయన, బాధ్యత అప్పగిస్తే పిల్లలు దానికి తగినట్లు ఎదుగుతారన్న నమ్మకానికి వచ్చారు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో ఇరవై మంది బాలురతో ఒక శిబిరం నిర్వహించారు. సంపన్నుల బడులనుంచి వచ్చిన పిల్లలను, శ్రామిక కుటుంబాల పిల్లలను ఒకే గుడారం కింద ఉంచడం ఆ శిబిరంలోని ముఖ్యమైన ప్రయోగం. 1908లో వెలువడిన ఆయన గ్రంథం 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' చదివి బాలురు తమంతట తామే జట్లు కట్టుకోగా, 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన సమావేశానికి బాలికలు కూడా వచ్చి తమకూ చోటు కావాలని కోరారు. దాని ఫలితంగా 1910లో ఆయన సోదరి ఆగ్నెస్ నాయకత్వంలో గర్ల్ గైడ్స్ సంస్థ ఏర్పడింది.

ఈ విధానానికి మూలాధారం పెట్రోల్ పద్ధతి. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల చిన్న బృందాన్ని పెట్రోల్ అంటారు. దానికి పిల్లల్లోనే ఒకరు నాయకత్వం వహిస్తారు. అటువంటి పెట్రోళ్లు కొన్ని కలిస్తే ఒక ట్రూపు అవుతుంది. పెద్దవాడైన స్కౌటు మాస్టరు ఆజ్ఞాపించడం తగ్గించి దారి చూపడానికి పరిమితమవుతాడు. ఉపాధ్యాయుడు చెప్పింది వల్లించడమే చదువుగా సాగిన కాలంలో, పన్నెండేళ్ల పిల్లవాడికి ఏడుగురి బాగోగులు అప్పగించడం చిన్న మార్పు కాదు. ఈ శిక్షణలో భారతదేశపు పాలు కూడా తక్కువేమీ కాదు. ఒక పళ్లెంలో పరచిన వస్తువులను కాసేపు చూసి, తరువాత గుర్తున్నవన్నీ రాయవలసిన 'కిమ్స్ గేమ్' అనే ఆటను బేడెన్ పవెల్ రడ్యార్డ్ కిప్లింగ్ నవల 'కిమ్' నుంచి తీసుకొన్నారు. 1916లో చిన్న పిల్లలకోసం రూపొందించిన కబ్ విభాగానికి అదే రచయిత 'జంగిల్ బుక్'ను ఆధారం చేసుకొన్నారు. కబ్ దళాన్ని నడిపే పెద్దను ఆ కథలోని తోడేళ్ల నాయకుడి పేరుతో నేటికీ అకేలా అనే పిలుస్తారు.

భారతదేశంలో తొలి స్కౌటు ట్రూపు 1909లో బెంగుళూరులో, తొలి గైడ్ కంపెనీ 1911లో జబల్పూరులో ఏర్పడ్డాయి. గైడ్స్ విభాగంలో ట్రూపుకు సమానమైన బృందాన్ని కంపెనీ అంటారు. ఈ రెండూ ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే పరిమితమయ్యాయి. శిక్షణ పొందిన భారతీయ యువకులు రేపు ప్రభుత్వానికే ఎదురు తిరుగుతారన్న అనుమానంతో వలస పాలకులు చాలాకాలం స్థానికులకు ప్రవేశం ఇవ్వలేదు. మూసిన ఆ తలుపును తెరవడానికి పలుచోట్ల ప్రయత్నాలు జరిగాయి. మధ్య పరగణాల్లో వివియన్ బోస్, షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయి భారతీయ బాలుర బృందాలను నడిపారు. మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూల అండతో 1918లో అలహాబాదు కేంద్రంగా సేవాసమితి స్కౌటు సంస్థ వెలిసింది. దక్షిణాదిన ఈ బాధ్యతను మద్రాసు అడయారు కేంద్రంగా గల దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ స్వీకరించారు. హోంరూల్ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న 1916-17 సంవత్సరాల్లో, ఆమె జార్జి అరండేల్‌తో కలిసి మద్రాసులో భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని స్థాపించారు. టోపీకి బదులు తలపాగా ధరించి, భారతీయ గీతాలు పాడే బాలురు ఆ సంఘంతో ముందుకు వచ్చారు.

కడప ప్రాంతానికి ఈ దక్షిణాది శాఖ అతి సమీపమైనది కావడానికి ఒక భౌగోళిక కారణం ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఉన్నత విద్యకు తొలి కేంద్రాల్లో ఒకటి, అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల. ఆ మదనపల్లె, 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా, కడప జిల్లాలో భాగమే. అందుచేత అడయారులో రూపుదిద్దుకొన్న భావాలు ఈ ప్రాంతానికి పొరుగింటి భావాలయ్యాయి. బిసెంట్ స్కౌటు సంఘానికి ముఖ్య నిర్వాహకుల్లో ఒకరైన ఎఫ్. గోర్డన్ పియర్స్ 1950వ దశకంలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేయడం ఆ బంధం ఎంత దీర్ఘమైనదో తెలియజేస్తుంది.

1921లో బేడెన్ పవెల్ భారతదేశంలో పర్యటించినప్పుడు బిసెంట్ సంఘం ప్రధాన సంస్థలో విలీనమైంది. భారతీయ పిల్లలకు ప్రవేశం లభించింది. అయితే ప్రతిజ్ఞలో రాజు పట్ల విధేయత మిగిలే ఉన్నందువల్ల, జాతీయోద్యమంలో ఉన్న కుటుంబాలకు స్కౌటు స్కార్ఫు ఒక సందిగ్ధంగానే నిలిచింది. స్కౌటింగ్ నేర్పిన క్రమశిక్షణను దేశంకోసం వినియోగించాలన్న ఆలోచన 1923 డిసెంబరులో తెలుగు గడ్డపైనే రూపం దాల్చింది: కాకినాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా ఎన్.ఎస్. హర్డీకర్ నాయకత్వంలో హిందుస్తానీ సేవాదళ్ ఏర్పడింది. అదే సమయంలో అక్కడి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద బాల వలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టికెట్టు లేనందుకు జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేసిన సంఘటన తెలుగువారికి సుపరిచితం. ఆమె స్కౌటు కాదు. కానీ అప్పగించిన పనిని ఎంతటివారి ముందైనా నిర్వర్తించాలన్న నీతి ఆనాటి పిల్లల్లో ఎంత గాఢంగా నాటుకొన్నదో ఆ సంఘటన చెబుతుంది.

1937లో భారతీయుల శీలం గురించి బేడెన్ పవెల్ చేసిన వ్యాఖ్యలు తీవ్ర నిరసనకు దారితీయగా, 1938లో హిందుస్తాన్ స్కౌటు సంఘం విడిగా ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం మౌలానా ఆజాద్, నెహ్రూ, మంగళ్‌దాస్ పక్వాసా, కుంజ్రూ, బాజ్‌పాయి, వివియన్ బోస్ ప్రభృతుల కృషితో వేర్వేరు సంఘాలు ఏకమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆవిర్భవించింది. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంఘం కూడా అందులో చేరడంతో బాలబాలికలిద్దరికీ ఒకే సంస్థ సిద్ధమైంది. ప్రతిజ్ఞలో రాజు స్థానాన్ని దేశం ఆక్రమించింది. ఈ ఐక్య సంస్థ తొలి జాతీయ జాంబొరీ 1953లో హైదరాబాదులోనే జరిగింది.

పల్లెలకు ఈ ఉద్యమాన్ని చేర్చిన వాహిక ప్రభుత్వ విద్యావ్యవస్థ. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ అమలులోకి వచ్చాక జిల్లా బోర్డుల ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. అటువంటి బడుల్లో స్కౌటు ట్రూపు ఉండడం, లేకపోవడం అనేది సాధారణంగా ఒక్క ఉపాధ్యాయుడిపై ఆధారపడేది. వ్యాయామ ఉపాధ్యాయుడో, మరొక ఉత్సాహవంతుడో శిక్షణ పొంది వస్తే ట్రూపు పుట్టేది, ఆయన బదిలీ అయితే చాలాచోట్ల ఆగిపోయేది. ప్రవేశ్ అనే తొలి మెట్టుతో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌ల మీదుగా రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్‌ల వరకు సాగే ఈ శిక్షణలో మార్కులకు చోటు లేదు. చేతితో చేసి చూపడమే పరీక్ష. ఎడమచేతితో కరచాలనం, మూడు వేళ్ల వందనం వంటి ఆచారాలు పిల్లలకు తాము ఒక విశాలమైన సోదర సమూహానికి చెందినవారమన్న స్పృహను కలిగించేవి. వందనంలోని మూడు వేళ్లు ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తు.

శిక్షణలోని ప్రధానాంశాలను కడప పల్లెల జీవితంతో పోల్చి చూస్తే వాటి విలువ స్పష్టమవుతుంది. రీఫ్ నాట్ అనే ముడి చదునుగా ఉండి గాయంపై ఒత్తిడి కలిగించదు కాబట్టి కట్టు కట్టడానికి తగినది; షీట్ బెండ్ వేర్వేరు మందాల తాళ్లను కలుపుతుంది; క్లోవ్ హిచ్‌తో కర్రకు తాడు బిగిస్తారు; బౌలైన్ జారని ఉచ్చు కాబట్టి నీటిలోనో, గోతిలోనో పడినవారిని పైకి లాగడానికి పనికివస్తుంది. ఎద్దులతో కపిల తోలి బావి నీరు పారించిన నేలపై, మోకులు, పలుపుతాళ్ల నడుమ పెరిగిన రైతు బిడ్డలకు తాడు కొత్త వస్తువు కాదు; ప్రతి ముడికి ఒక పేరు, ఒక ప్రయోజనం, ఒక కారణం ఉన్నాయన్న ఎరుక కొత్తది. ఇంటి పనిగా, కూలి పనిగా మాత్రమే చూసిన నేర్పుకు బడిలో బ్యాడ్జి రూపంలో గౌరవం లభించడం ఆ పిల్లల ఆత్మవిశ్వాసానికి దోహదం చేసింది.

జాడ పట్టే విద్య విషయంలోనూ ఇదే జరిగింది. నేలపై రాళ్లతో, పుల్లలతో గుర్తులు పెట్టి వెనుక వచ్చేవారికి దారి తెలపడం, అడుగుల గుర్తులను చదవడం స్కౌటు పాఠాలైతే, తప్పిపోయిన జీవాలను జాడను బట్టి వెతికే గొర్రెల కాపరులకు అవి నిత్యకృత్యాలు. అంతరించిందని భావించిన కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో తిరిగి కనిపించడానికి పక్షులను ఎరిగిన స్థానికుల నైపుణ్యమే తోడ్పడింది. పుస్తకం ఎక్కని ఇటువంటి స్థానిక విద్యకు బడిలో ప్రవేశం కల్పించగల కొద్ది మార్గాల్లో స్కౌటింగ్ ఒకటి. పాలకొండల అంచున, పెన్న, పాపఘ్ని నదుల ఒడ్డున ఉన్న బడులకు ప్రకృతి పరిశీలన కోసం దూరం వెళ్లవలసిన అవసరం లేదు.

బాల్య స్మృతుల్లో అన్నిటికంటే గాఢంగా నిలిచేది శిబిరం. ఒక్కొక్క పెట్రోల్ మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొని, నీళ్లు తెచ్చుకొని, కట్టెలు ఏరుకొని, వండి వడ్డించుకొని, పాత్రలు తోముకోవాలన్నది నియమం. కులాన్ని బట్టి నీళ్ల బిందె, భోజన పంక్తి వేరయిన గ్రామాల్లో, అన్ని ఇళ్ల పిల్లలు ఒకే కుండలోని సంగటిని పంచుకోవడం ఏ ఉపన్యాసమూ సాధించలేని పని. ప్రతి స్కౌటు తోటి స్కౌటుకు సోదరుడన్న నియమం తొమ్మిది నియమాల పట్టికలో ఒక వాక్యమే. వంట వంతులు వచ్చినప్పుడే అది ఆచరణగా మారేది. బ్రౌన్‌సీలో వర్గ భేదాన్ని చెరపడానికి చేసిన ప్రయోగం తెలుగు పల్లెలో కుల భేదాన్ని ఎదుర్కోవలసి వచ్చింది. అది శిబిరం ముగిశాక ఊరిని మార్చివేయలేదు. కానీ మరొక విధంగా బతకడం సాధ్యమేనన్న అనుభవాన్ని పిల్లలకు ఇచ్చింది.

సేవ ఈ శిక్షణకు మరొక ముఖం. 1918 అలహాబాదు కుంభమేళాలో సేవాసమితి బాలురు చేసిన సేవ నుంచి, తిరునాళ్లలో రద్దీని సరిచేయడం, దాహార్తులకు నీళ్లందించడం, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించడం భారతీయ స్కౌటింగ్‌కు ప్రత్యేక గుర్తింపునిచ్చాయి. పెండ్లిమర్రి మండలంలోని పొలతల క్షేత్రంలో మహాశివరాత్రికి జరిగే తిరునాళ్ల వంటి సందర్భాలు ఇటువంటి సేవకు సహజమైన వేదికలు. ఇళ్లలో, దుకాణాల్లో చిన్న పనులు చేసి సంపాదించిన సొమ్మును ఉద్యమానికి జమ చేసే ఖరీ కమాయి అనే ఆచారం, శరీర శ్రమ హీనం కాదన్న పాఠాన్ని చిన్నతనంలోనే నేర్పింది.

బాలికల విషయంలో గైడ్స్ ఉద్యమం ప్రాముఖ్యం ఇంకా ఎక్కువ. యుక్తవయసు రాగానే ఆడపిల్ల బడి మానడం సాధారణంగా ఉన్న రోజుల్లో, ఇంటికి దూరంగా శిబిరంలో రాత్రి గడపడం, నలుగురి ముందు ఆజ్ఞలివ్వడం, ప్రథమ చికిత్స చేయడం ఊహకందని స్వేచ్ఛలు. గైడ్ కంపెనీకి మహిళే క్యాప్టెన్‌గా ఉండాలి కాబట్టి మహిళా ఉపాధ్యాయులు తక్కువగా ఉన్న పల్లెల్లో కంపెనీలు నెలకొల్పడం కష్టమయ్యేది. నెలకొన్నచోట మాత్రం ఆ క్యాప్టెన్ బాలికలకు చదువుకొని నిలబడిన స్త్రీకి ప్రత్యక్ష నిదర్శనమయ్యేది.

1948లో ఆరంభమైన ఎన్.సి.సి. సైనిక శిక్షణతో విద్యార్థులను ఆకర్షించడం, ర్యాంకుల పోటీ సాయంకాలాలను మింగివేయడం, యూనిఫాం ఖర్చు పేద కుటుంబాలకు భారం కావడం ఈ ఉద్యమాన్ని కుదించాయి. అయినా ఫిబ్రవరి 22న చింతన దినం, నవంబరు 7న సంస్థాపన దినం జరుపుకొంటూ స్కార్ఫు కట్టే పిల్లలు నేటికీ ఉన్నారు. వారికి తమ బడి గతం అందవలసి ఉంది. ప్రతి పెట్రోల్ తన పనులను లాగ్‌బుక్‌లో రాసుకోవాలన్నది స్కౌటింగ్‌లోని పాత పద్ధతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, పెండ్లిమర్రి బడుల నేటి విద్యార్థులు ఆ పద్ధతిలోనే తమ ఊరి పూర్వ స్కౌట్ల, గైడ్ల వద్దకు వెళ్లి వారి మాటలను, ఛాయాచిత్రాలను, బ్యాడ్జీలను సేకరించి నమోదు చేస్తే, ఈ జిల్లా సామాన్యుల విద్యాచరిత్రలో ఇంతవరకు రాయని ఒక అధ్యాయం పిల్లల చేతులమీదుగానే పూర్తవుతుంది. పరిశీలన, సహకారం, సేవ అనే మూడు పాఠాలూ ఆ పనిలోనే ఇమిడి ఉన్నాయి కాబట్టి, స్కౌటు శిక్షణకు అంతకంటే తగిన అభ్యాసం వేరొకటి ఉండదు.